పంచాయతీ ట్రాక్టరు బ్రేకులు: గ్రామములో చేసికొనదగిన మరమ్మతు

తెలంగాణలో 2019వ సంవత్సరమున ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి టాంకరు సమకూడినవి. చెత్త తరలించుటకును, మొక్కలకు నీరు పోయుటకును అవి ఉపయోగపడుచున్నవి. ఇంజను చెడినచో పని మాత్రమే ఆగును. బ్రేకు చెడినచో ప్రాణమునకే ముప్పు. అయినను డీజిలు ఖర్చును గూర్చి ప్రశ్నించు సభ్యులు బ్రేకును గూర్చి ప్రశ్నించుట అరుదు.

ట్రాక్టరునకు బ్రేకు పెడళ్లు రెండుండును. ఒకటి ఎడమ వెనుక చక్రమును, రెండవది కుడి వెనుక చక్రమును పట్టును. దుక్కిలో చాలు చివర ఇరుకున మళ్లుటకు ఈ ఏర్పాటు. రోడ్డుపైకి వచ్చునపుడు రెండు పెడళ్లను గడియతో కలిపి వేయవలెను. గడియ వేయక వేగములో ఒక్క పెడలు నొక్కినచో ఒక చక్రము ఆగి, రెండవది పరుగెత్తి, బండి ప్రక్కకు లాగి బోర్లపడవచ్చును. గడియ విరిగిన ట్రాక్టరును ఆ దినమే నిలిపివేయుట మేలు.

బరువు సంగతియు తెలియవలెను. 5,000 లీటర్ల నీరనగా 5 టన్నులు; లాగు ట్రాక్టరు బరువు సుమారు 2 టన్నులు మాత్రమే. టాంకరునకు స్వంత బ్రేకు లేనిచో ఈ భారమంతయు ట్రాక్టరు వెనుక చక్రములే ఆపవలెను. వేగము రెండింతలైన, బ్రేకు వేసిన పిదప బండి సాగు దూరము నాలుగింతలగును. చెరువు కట్ట దిగునపుడు ముందుగానే చిన్న గేరు వేసికొనవలెను. డీజిలు ఆదా యని న్యూట్రలులో దింపుట ప్రమాదకరము. సగము నిండిన టాంకరులో నీరు ఊగి బండిని త్రోయును గనుక నిండుగానో ఖాళీగానో నడుపుట మంచిది.

ఇక మరమ్మతు. పెడలు కొంత దిగిన పిదపనే బ్రేకు పట్టుట సహజము. ఈ ఆట ఎంత ఉండవలెనో తయారీదారు ఇచ్చిన పుస్తకములో నుండును. రెండు పెడళ్లకును అది సమానముగా నుండవలెను. సరిచేయుటకు ముందు ట్రాలీని విప్పి, ట్రాక్టరును చదునైన గట్టినేలపై నిలిపి, ఇంజను ఆపవలెను. వెనుక చక్రములు రెండును లేచినపుడు చేతిబ్రేకు బండిని ఆపజాలదు. కావున ముందు చక్రములకు ఇరువైపుల చెక్కదిమ్మెలు పెట్టవలెను. జాకీతో లేపి, గట్టి స్టాండ్లపై నిలుపవలెను. జాకీని మాత్రమే నమ్మియు, ఇటుకలు పేర్చియు క్రింద దూరరాదు. పిదప గేరు న్యూట్రలులో నుంచి, బ్రేకు కడ్డీపై బిగింపు నట్టు వదులు చేసి, సర్దుబాటు నట్టును కొద్దికొద్దిగా త్రిప్పవలెను. పెడలుపై కాలు లేనపుడు చక్రము చేతితో సులువుగా తిరుగవలెను. అట్లు తిరుగనిచో బ్రేకు రాచుకొని వేడెక్కును. చివర బిగింపు నట్టును మరల బిగింపవలెను.

అంతకు మించి గ్రామములో విప్పరాదు. పొడి బ్రేకుల లైనింగుపై నూనె కారినచో పెట్రోలుతో కడిగి మరల వాడుట కొందరి అలవాటు. లోనికి ఇంకిన నూనె వేడికి మరల పైకివచ్చును. కారుచున్న సీలును, లైనింగును మెకానికుచే మార్పింపవలెను. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చును గనుక ఆ ధూళిని నోటితో గాని, గాలిపంపుతో గాని ఊదరాదు. నూనెలో మునిగి పనిచేయు బ్రేకులైనచో పుస్తకములో చెప్పిన నూనెనే, చెప్పిన మట్టము వరకు పోయవలెను.

ఈ చిన్న ఖర్చులకు డ్రైవరు తదుపరి సమావేశము వరకు వేచియుండునట్లు చేయుట న్యాయము కాదు. వేచియున్నన్నాళ్లు అతడు ఆ బండినే నడుపుచుండును.

మరమ్మతు పిదప పరీక్ష సులభము. ట్రాలీ లేకుండ, జనసంచారము లేని పొడి మట్టినేలపై, గడియ వేసి, మెల్లగా నడుపుచు బ్రేకు వేయింపుడు. దిగి చక్రముల చాళ్లు చూడుడు. రెండును ఒకే పొడవున ఉన్నచో సర్దుబాటు కుదిరినది. ఒకటి పొడవుగా, ఒకటి పొట్టిగా ఉన్నచో మరల దిమ్మెలు, స్టాండ్లు పెట్టి సరిచేయింపవలెను.