దీర్ఘ మూర్ఛకు అత్యవసర చికిత్స: కల్లూరు తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్నలు

ఇక్కడ 'దీర్ఘ మూర్ఛ' అంటే 5 నిమిషాలైనా ఆగని మూర్ఛ, లేదా మధ్యలో స్పృహ రాకుండా మళ్లీ మళ్లీ వచ్చే మూర్ఛ.

1. మూర్ఛ మొదలవగానే ఏం చేయాలి?
టైము చూసుకోండి. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్లు, చెంచా, వేలు పెట్టరాదు. చేతిలో తాళంచెవులు పెడితే మూర్ఛ ఆగదు. దీర్ఘ మూర్ఛ అయితే 108కి ఫోన్ చేయండి. ఆ సేవ ఉచితం. తొలి మూర్ఛ అయినా, ఊపిరి అందకపోయినా 5 నిమిషాలు ఆగవద్దు.

2. మిడజోలం ముక్కు స్ప్రే ఇంట్లో వాడవచ్చా?
అదే బిడ్డకు డాక్టరు ముందే రాసి ఇచ్చి ఉంటేనే. ఇది షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా అమ్మరాదు. మోతాదు బరువును బట్టి ఉంటుంది కనుక పాత చీటీ మీద ఆధారపడవద్దు. చీటీలో లేకుంటే రెండోసారి ఇవ్వరాదు.

3. బడిలో టీచరు ఇవ్వవచ్చా?
చీటీ నకలు, మీ రాతపూర్వక అనుమతి ముందే బడిలో ఉంచండి. అనుమతి తీసుకునే వ్యవధి లేనప్పుడు సద్భావంతో చేసిన సాయానికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 30 రక్షణ ఇస్తుంది, షరతులకు లోబడి. మోతాదు ఊహించి ఇచ్చేందుకు అది అనుమతి కాదు.

4. ముందు డబ్బు కట్టమంటే?
ప్రాణం కాపాడటం ప్రభుత్వ, ప్రైవేటు డాక్టర్లందరి బాధ్యత అని పరమానంద్ కటారా కేసులో 1989లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు రోడ్డు ప్రమాదానిది. సూత్రం దానికే పరిమితం కాదు. ప్రభుత్వాసుపత్రి సకాలంలో అత్యవసర చికిత్స ఇవ్వకపోవడం 21వ అధికరణ ఉల్లంఘన అని 1996లో పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో తేల్చింది. అయితే ఈ హక్కు ప్రాణాపాయం తప్పించే చికిత్సకే. తర్వాతి వైద్యమంతా ఉచితమని కాదు. వాదన పెట్టుకోకండి. మూర్ఛ ఆపే మందు వెంటనే ఇవ్వమని అడగండి. నిరాకరిస్తే టైము, చెప్పినవారి హోదా రాసుకోండి.

5. రాయచూరు రిమ్స్‌కు పంపితే?
రెఫరల్ చీటీ లేకుండా కదలవద్దని చాలామంది అంటారు. నా సలహా వేరు: చీటీ ఆలస్యమైతే బయల్దేరండి, కానీ ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు ఇచ్చారో కాగితం మీద రాయించుకోండి. అవే మందులు మళ్లీ పడితే ఊపిరి మందగించవచ్చు.

6. రికార్డులకు, ఫిర్యాదుకు గడువెంత?
రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 వైద్య నియమావళి చెబుతోంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు 2 ఏళ్లు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రిపై ఈ దారి లేదు. ప్రభుత్వాసుపత్రి విషయంలో కర్ణాటక హైకోర్టు కలబురగి బెంచ్‌లో రిట్ వేయవచ్చు.