చాప బరువెంత? పార్సిల్ ఖర్చెంత?

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో మా పక్కింటి పిన్నిగారు ఆన్‌లైన్‌లో చాపలు అమ్ముతారు. ఇవి మన పశ్చిమ మేదినీపుర్ జిల్లాలోని సబంగ్‌లో నేసే మాదుర్ చాపలు. వీటికి 2018లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది.

ఒకసారి విశాఖపట్నం నుంచి ఆర్డర్ వచ్చింది. చాప ఒకటిన్నర కిలో తూగింది. పార్సిల్‌కు ఆ బరువు లెక్కనే డబ్బు కలిపి ధర చెప్పారు. చాపకు రూ. 250 మిగులుతుందనుకున్నారు. తీరా కౌంటర్‌లో ఐదు కిలోల డబ్బు అడిగారు! కాటా తప్పా అంటే, కాదు. ఆ లెక్క ఏమిటో మేము కూర్చుని వేసి చూశాం.

రెండు బరువులు

దూది బస్తాలతో వ్యాన్ నింపితే, బరువు పెరగకముందే చోటు నిండిపోతుంది. అందుకే కొరియర్ వాళ్లు బరువుతో పాటు చోటుకీ డబ్బు తీసుకుంటారు. చాలామంది వాడే సూత్రం ఇది:

పొడవు × వెడల్పు × ఎత్తు (సెం.మీ.లలో) ÷ 5000 = ఘనపరిమాణ బరువు (కిలోలలో)

అసలు బరువు, ఘనపరిమాణ బరువు – ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు కట్టాలి. 5000 బదులు వేరే సంఖ్య వాడే సంస్థలూ ఉన్నాయి. ముందే అడగాలి.

పిన్నిగారి లెక్క

చుట్టిన చాప పెట్టె కొలతలు 125 × 14 × 14 సెం.మీ.
24,500 ÷ 5000 = 4.9 కిలోలు, అంటే 5 కిలోల కింద లెక్క.

రేటు: మొదటి అరకిలోకు రూ. 60, ఆపై ప్రతి అరకిలోకు రూ. 40, మొత్తం మీద 18% జీఎస్టీ.

పిన్నిగారు అనుకున్నది (1.5 కిలోలు): 60 + 80 = 140; పన్నుతో రూ. 165.20
కట్టింది (5 కిలోలు): 60 + 360 = 420; పన్నుతో రూ. 495.60

తేడా రూ. 330.40. అంటే రూ. 250 లాభం పోగా, చేతి నుంచి రూ. 80.40 పడింది.

దారి ఏమిటి?

తరువాతి చాపను మేమంతా కలిసి గట్టిగా చుట్టాం. పెట్టె 125 × 10 × 10 అయింది. 12,500 ÷ 5000 = 2.5 కిలోలు. ఖర్చు 60 + 160 = 220; పన్నుతో రూ. 259.60. నాలుగు సెంటీమీటర్లు తగ్గిస్తే రూ. 236 మిగిలింది!

మరచిపోకూడనివి

1. పెట్టె, టేపు ఖర్చు కలపాలి. కొలతలు ప్యాకింగ్ అయ్యాకే తీయాలి.
2. దూరాన్ని బట్టి రేటు మారుతుంది. దాన్ని పిన్‌కోడ్ చూసి తేలుస్తారు. మన 721301లో మొదటి అంకె 7 తూర్పు ప్రాంతానిది. ఆంధ్ర, తెలంగాణ పిన్‌కోడ్‌లు 5తో మొదలవుతాయి.
3. పదింటిలో ఒకటి తిరిగొస్తే రానుపోను ఖర్చు రూ. 519.20. దాన్ని మిగతా తొమ్మిదింటి మీద పంచితే ఒక్కోదానికి సుమారు రూ. 58.

"ఉచిత డెలివరీ" అని రాసినా ఖర్చు ఎక్కడికీ పోదు. ధరలో కలపకపోతే అమ్మేవారి జేబులోంచే పోతుంది. ఇప్పుడు పిన్నిగారు కాటా పక్కనే టేపు కూడా పెట్టుకుంటున్నారు.

అభ్యాసం: 40 × 30 × 20 సెం.మీ. పెట్టెలో 3 కిలోల అప్పడాలున్నాయి. పై రేటు ప్రకారం పార్సిల్ ఖర్చు ఎంత? (జవాబు: రూ. 495.60 – మీరే వేసి చూడండి. సూచన: 4.8 కిలోలను తరువాతి అరకిలోకు పెంచాలి. పైన ఒకచోట ఇదే బరువు వచ్చింది!)