జీటీఏ ఆర్‌పీ ఎలా మొదలుపెట్టాలి? క్యారెక్టర్ తయారీ నుంచి మొదటి రోజు వరకు బిగినర్స్ గైడ్

యూట్యూబ్‌లో జీటీఏ 5 స్ట్రీమ్స్ చూసేవాళ్లకి ఒక డౌట్ వస్తుంటుంది. గేమ్ అదే, లాస్ శాంటోస్ సిటీ అదే. కానీ ఆడేవాళ్లు ఒక్క మిషన్ కూడా చేయట్లేదు. ఒకతను పోలీస్, ఇంకొకతను మెకానిక్, ఇంకో అమ్మాయి హాస్పిటల్‌లో డాక్టర్. గంటసేపు ఒక్క బుల్లెట్ పేలకుండా మాటలతోనే గడిచిపోతుంది. అయినా చూస్తుంటే ఆపబుద్ధి కాదు. దీన్నే రోల్‌ప్లే, షార్ట్‌గా ఆర్‌పీ అంటారు.

చాలామంది ఉత్సాహంగా సర్వర్‌లో చేరి రెండో రోజే బ్యాన్ అవుతారు. కారణం గేమ్ ఆడటం రాకపోవడం కాదు. ఇక్కడ గెలవడానికి ఏమీ లేదని తెలియకపోవడమే. ఆ తేడా ఏంటో, ఎలా మొదలుపెట్టాలో చూద్దాం.

ముందు ఏం కావాలి?

జీటీఏ 5 పీసీ వర్షన్ 2015లో వచ్చింది. ఆర్‌పీ సర్వర్లలో ఎక్కువ భాగం ఫైవ్‌ఎమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి. దాన్ని తయారుచేసిన టీమ్ 2023 ఆగస్టులో రాక్‌స్టార్ గేమ్స్‌లో భాగమైంది. ఫైవ్‌ఎమ్ ఫ్రీనే అయినా, గేమ్ ఒరిజినల్ కాపీ ఉండాల్సిందే. స్టీమ్, ఎపిక్, రాక్‌స్టార్ లాంచర్‌లలో ఎక్కడ కొన్నా పర్లేదు. క్రాక్ వర్షన్‌తో పని జరగదు.

ఒరిజినల్ జీటీఏ 5కి రాక్‌స్టార్ చెప్పిన మినిమమ్ ర్యామ్ 4 జీబీ, రికమెండెడ్ 8 జీబీ. కానీ ఆర్‌పీ సర్వర్లు సొంతంగా కార్లు, బట్టలు, బిల్డింగ్‌లు యాడ్ చేస్తాయి కాబట్టి 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే ప్రశాంతంగా ఆడొచ్చు.

మైక్ కోసం ఖరీదైన హెడ్‌సెట్ అక్కర్లేదు. మైక్ ఉన్న మామూలు వైర్డ్ ఇయర్‌ఫోన్స్ చాలు. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో మైక్ ఆన్ అయితే చాలాసార్లు సౌండ్ క్వాలిటీ పడిపోతుంది. ఆర్‌పీలో మాటే ప్రాణం కాబట్టి వైర్ ఉన్నదే బెటర్.

ఫోన్‌లో ఆడొచ్చా అంటే, ఫైవ్‌ఎమ్‌కి మొబైల్ వర్షన్ లేదు. "జీటీఏ 5 ఆర్‌పీ మొబైల్" అంటూ వచ్చే ఏపీకే లింకులు ఇన్‌స్టాల్ చేయకండి. పీసీ పాతదైతే, జీటీఏ శాన్ ఆండ్రియాస్ మీద నడిచే శాంప్ సర్వర్లు ఒక ఆప్షన్. అక్కడ ఎక్కువగా టైప్ చేస్తూ ఆడతారు.

క్యారెక్టర్‌ని ఎలా తయారుచేయాలి?

కొత్తవాళ్లు రాసే కథలు దాదాపు ఒకేలా ఉంటాయి. అనాథ, మాజీ కమాండో, ఇప్పుడు మాఫియా డాన్. వినడానికి బాగానే ఉంటుంది కానీ అన్నీ వచ్చినవాడితో పక్కవాళ్లకి ఏం పని? లోపం ఉన్న మనిషితోనే సీన్ పుడుతుంది. అందుకే నాలుగు ప్రశ్నలకి జవాబు రాసుకోండి.

ఎక్కడి నుంచి వచ్చాడు? ఏం కావాలి? దేనికి భయపడతాడు? ఏం చేతకాదు?

ఉదాహరణకి రాంబాబు. వయసు 34, ఊరు తాడేపల్లిగూడెం. బావమరిది ఉద్యోగం ఇప్పిస్తానంటే నమ్మి లాస్ శాంటోస్ వచ్చాడు. ఇప్పుడు బావమరిది ఫోన్ ఎత్తట్లేదు. చెల్లి పెళ్లికి డబ్బు పంపాలి. పోలీసుల్ని చూస్తే చెమటలు పడతాయి. ట్యాక్సీ నడుపుతాడు కానీ రివర్స్ సరిగ్గా రాదు.

ఇంతే, నాలుగైదు లైన్లు. కానీ ఇందులో ఎన్ని సీన్లున్నాయో చూడండి. రివర్స్‌లో ఎవరి కారుకో గుద్దేస్తాడు, మెకానిక్‌తో బేరమాడతాడు, పోలీస్ ఆపితే తడబడతాడు, డబ్బు కోసం ఎవరో చెప్పిన తప్పుడు పనికి ఒప్పుకోవాలా వద్దా అని నలిగిపోతాడు. గతం పది పేజీలు రాయడం కంటే, రేపు ఏం చేస్తాడో తెలియడం ముఖ్యం.

యాస విషయంలో ఒక మాట. మీకు సహజంగా వచ్చే యాసే పెట్టుకోండి. రాని యాస సరదాగా మొదలై, పది నిమిషాల్లో ఆ ప్రాంతం వాళ్లని వెక్కిరించినట్టు తయారవుతుంది.

రూల్స్ అర్థం కావాలంటే దొంగ-పోలీస్ గుర్తుచేసుకోండి

చిన్నప్పుడు దొంగ-పోలీస్ ఆడేటప్పుడు "నిన్ను కాల్చేశా, పడిపో" అంటే "నాకు తగల్లేదు" అని మొండికేసేవాడు ఒకడుంటాడు. ఆర్‌పీలో దీని పేరు పవర్‌గేమింగ్. అవతలివాళ్లకి స్పందించే అవకాశం ఇవ్వకుండా ఫలితం మీరే తేల్చేయడం.

పోలీస్ ఎక్కడున్నాడో చెట్టు పక్కన నిలబడ్డ ఫ్రెండ్ సైగ చేసి చెప్పడం మెటాగేమింగ్. అంటే స్ట్రీమ్ చూసో, డిస్కార్డ్‌లో వినో తెలుసుకున్నది మీ క్యారెక్టర్ వాడుకోవడం. మీకు తెలిసినవన్నీ రాంబాబుకి తెలియవు.

కారణం లేకుండా చంపితే ఆర్‌డీఎం, కారణం లేకుండా కారుతో గుద్దితే వీడీఎం. తల మీద గన్ పెట్టినా భయపడకపోతే ఫియర్ ఆర్‌పీ తప్పినట్టు. క్యారెక్టర్‌గా ఉండటం ఐసీ, మీరు మీరుగా మాట్లాడటం ఓఓసీ. వివరాలు సర్వర్‌ని బట్టి మారతాయి కాబట్టి రూల్స్ పేజీ మొత్తం చదివాకే వైట్‌లిస్ట్ ఫామ్ నింపండి.

మీ, డూ కమాండ్లు

మాటతో చూపించలేని పనిని స్లాష్ మీ కమాండ్‌తో చాట్‌లో రాస్తారు. చుట్టూ కనిపించే పరిస్థితిని స్లాష్ డూతో రాస్తారు.

తప్పు: "పోలీస్ చేతిలోంచి గన్ లాగేసుకుంటాడు."
ఒప్పు: "పోలీస్ చేతిలోని గన్ లాక్కోవడానికి ప్రయత్నిస్తాడు."

మొదటి వాక్యంలో అవతలివాడికి చేయడానికి ఏమీ మిగల్లేదు. రెండో దాంట్లో మిగిలింది. ఇంకో తప్పు: "లోపల భయంగా ఉన్నా పైకి ధైర్యంగా ఉంటాడు." లోపల ఏముందో ఎవరికీ కనపడదు. "నవ్వుతున్నాడు కానీ చేతులు వణుకుతున్నాయి" అని రాస్తే డాక్టరో పోలీసో దాన్ని పట్టుకుని సీన్ నడుపుతారు.

మొదటి రోజు

గన్ కొనకండి. ట్యాక్సీ, డెలివరీ, గ్యారేజ్ లాంటి మామూలు పని తీసుకోండి. మనుషులు వాళ్లంతట వాళ్లే కలుస్తారు. కలిసినప్పుడు మీ కథ చెప్పడం కాదు, వాళ్లని ఒక ప్రశ్న అడగండి: "అన్నా, ఇక్కడ భోజనం ఎక్కడ బాగుంటది?" సీన్ మొదలైపోయింది. గేమ్‌లో ఏదైనా సమస్య వస్తే "లాగ్ అవుతోంది" అని అరవకుండా "కాస్త తల తిరుగుతోంది, ఒక్క నిమిషం" అంటే చాలు, అనుభవం ఉన్నవాళ్లు అర్థం చేసుకుంటారు.

ఓడిపోవడం కూడా నేర్చుకోవాలి. అరెస్ట్ అయితే కథ ఆగిపోయినట్టు కాదు. లాయర్ వస్తాడు, బెయిల్ అడుగుతాడు, చెల్లికి ఏం చెప్పాలో రాంబాబు ఆలోచిస్తాడు. పారిపోయిన దొంగ కంటే దొరికిపోయిన దొంగకే ఎక్కువ కథ ఉంటుంది.

ఇది మాత్రం స్కిప్ చేయకండి

గంటలకొద్దీ ఒక పాత్రలో ఉంటే, దాని కోపం మనకీ అంటుకుంటుంది. గేమ్‌లో మోసం చేసినవాడి మీద బయట కూడా మంట మొదలైతే ఆ రోజుకి లాగౌట్ అవ్వండి. సీన్ అయ్యాక "బాగా చేశావ్ బ్రో" అని ఓఓసీలో ఒక మెసేజ్ పెట్టే అలవాటు సగం గొడవల్ని ఆపుతుంది.

కులం, కుటుంబం, ఆడవాళ్ల మీద బూతులు తిట్టి "నా క్యారెక్టర్ అలాంటిది" అంటే కుదరదు. అక్కడ గాయపడేది క్యారెక్టర్ కాదు, హెడ్‌ఫోన్ పెట్టుకున్న మనిషి. మీకు అలా జరిగితే మర్యాద కోసం సీన్ పూర్తి చేయాల్సిన పని లేదు. అక్కడే ఆపేసి, క్లిప్ సేవ్ చేసి, అడ్మిన్‌కి రిపోర్ట్ చేయండి. పట్టించుకోకపోతే సర్వర్ మారండి.

మీ పక్కనున్నవాళ్లు లైవ్‌లో ఉండొచ్చు. కాబట్టి అసలు పేరు, కాలేజీ, ఫోన్ నంబర్ గేమ్‌లో చెప్పకండి. పాస్‌వర్డ్, ఓటీపీ అడిగితే అడ్మిన్ అయినా ఇవ్వకండి. జీటీఏ 5కి యూరప్‌లో పెగీ 18 రేటింగ్ ఉందన్న విషయం, ఇంట్లో పిల్లలు అడిగినప్పుడు పెద్దవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

డౌన్‌లోడ్ కంటే ముందు ఒక పని

గేమ్ డౌన్‌లోడ్ అవ్వడానికి ఎలాగూ గంటలు పడుతుంది. ఆలోపు ఒక ఫ్రెండ్‌కి ఫోన్ చేయండి. మీరు రాంబాబు, అతను ట్రాఫిక్ పోలీస్. రాంగ్ రూట్‌లో దొరికారు. పది నిమిషాలు పాత్ర వదలకుండా మాట్లాడండి. ఇద్దరిలో ఎవరు గెలిచారన్నది పక్కన పెట్టి, ఫ్రెండ్ ఇంకో పది నిమిషాలు ఆడదామన్నాడా లేదా చూసుకోండి. అన్నాడంటే ఫైవ్‌ఎమ్ ఇన్‌స్టాల్ చేసేయొచ్చు.