నక్షత్రం పీకి గద్దను పెడితే

హాంబర్గ్

కిరణ్,

డ్రెస్డెన్ పాత సామాన్ల సంతలో నీ కంటపడ్డ పోలీసు టోపీ ఫొటోలు చూశాను. అన్నీ ముందువైపు నుంచే తీశావు. గద్ద బిళ్ళ మెరుపు తప్ప నాకేమీ తెలియలేదు. బేరం కుదుర్చుకునే ముందు ఇది చదువు.

దాని పేరు చాకో. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మన్ పోలీసులు మొన తేలిన పికెల్‌హౌబెలు వదిలి దీనికి మారారు. వైమార్ రిపబ్లిక్ కాలంలో ప్రష్యా పోలీసుకు నక్షత్రం బిళ్ళ, మిగతా రాష్ట్రాలకు ఎవరి చిహ్నం వాళ్ళది. 1936 జూన్‌లో దేశంలోని పోలీసంతా నాజీ నేత హిమ్లర్ చేతికి వచ్చాక అందరికీ ఒకటే బిళ్ళ అయింది: ఓక్ ఆకుల దండ, స్వస్తిక, గద్ద. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పశ్చిమ జర్మనీలో పలు రాష్ట్రాలు మళ్ళీ నక్షత్రం పెట్టి, 1960ల దాకా అదే వాటం టోపీలు వాడాయి.

మోసానికి సందు ఇక్కడే. యుద్ధం తర్వాతి చాకో చవక, గద్ద ఉన్నది ఖరీదు. కాబట్టి టోపీ మొత్తం కొత్తగా చేయడం ఎందుకు? నక్షత్రం పీకి గద్దను తగిలిస్తే సరి. టోపీ పాతదే, తోలూ పాతదే, ఒక్కోసారి బిళ్ళ కూడా అసలుదే. అవి ఎప్పుడు కలిశాయో నువ్వు తేల్చాలి.

లోపలి తోలు పట్టీ ఎత్తి చూడు. నక్షత్రానికీ గద్దకూ కొక్కేలు ఒకే చోట ఉండవు, కన్నాలు ఎక్కువున్నాయంటే బిళ్ళ మారిందన్నమాట. మారినంత మాత్రాన దొంగది కాదు. వైమార్ నాటి టోపీలకే గద్దను బిగించి వాడినవీ ఉన్నాయి. అప్పటి కన్నం అంచు మాసి, చుట్టూ ఉన్న రంగులో కలిసిపోతుంది. మొన్న తొలిచినది పదునుగా, శుభ్రంగా ఉంటుంది. బిళ్ళ తీయనిస్తే గుడ్డ మీద వెలిసిపోకుండా మిగిలిన చోటు ఏ ఆకారంలో ఉందో చూడు. గద్ద కింద నక్షత్రం జాడ కనబడితే, అది వైమార్ నక్షత్రమో యుద్ధం తర్వాతిదో లోపలి ముద్రను అడగాలి. తయారీదారు పేరు, ఊరు, సైజు, అదృష్టం బాగుంటే సంవత్సరం కూడా ఉంటాయి. ఆ ముద్ర గీకేసి ఉంటే దండం పెట్టి వచ్చెయ్.

బిళ్ళను తిరగేసి కూడా చూడాలి. అసలుది అచ్చుతో కొట్టిన రేకు. ముందు ఉబ్బిన ప్రతి ఈకా వెనక గుంటగా ఉంటుంది. పోత పోసిన నకలుకి వెనక చదును, ముందు ఈకల గీతలు మొద్దు, అక్కడక్కడా సూదిమొన గుంటలు. అల్ట్రావయొలెట్ టార్చి ఒకటి దగ్గరుంచుకో. గుడ్డగానీ దారంగానీ నీలంగా వెలిగితే అనుమానించు, తెలుపు తెచ్చే రసాయనాలు విరివిగా వాడింది యుద్ధం తర్వాతే. అలాగని తీర్పు చెప్పేయకు, ఇప్పటి సబ్బుపొడితో ఉతికిన పాత గుడ్డ కూడా వెలుగుతుంది.

టోపీతో పాటు భుజం పట్టీలూ అంటగట్టబోతే రంగు చూడు. నగర పోలీసుకు ఆకుపచ్చ, చిన్న ఊళ్ళ పురపాలక పోలీసుకు ముదురెరుపు, పల్లెల పోలీసైన జెండార్మెరీకి నారింజ. ఆకుపచ్చ పట్టీ ఒకటి, నారింజ పట్టీ ఒకటి చూపించి "ఒక్కరివే, మా తాతగారివి" అన్నాడంటే నవ్వి ఊరుకో. కథలకూ, యూనిఫాం చూసి మోసపోయేవాళ్ళకూ ఇక్కడ కొదవ లేదు. 1906లో విల్‌హెల్మ్ ఫోక్ట్ అనే చెప్పులు కుట్టేవాడు పాత బట్టల దుకాణాల్లో కొన్న కెప్టెన్ యూనిఫాం తొడుక్కుని క్యోపెనిక్ మేయర్నే అరెస్టు చేసి, ఖజానా డబ్బుతో వెళ్ళిపోయాడు!

ఇంకొక మాట. ఆ గద్ద ఏ వ్యవస్థదో తెలిసి కొను. మా హాంబర్గ్ నుంచి వెళ్ళిన 101వ రిజర్వు పోలీసు బెటాలియన్ 1942 జులైలో పోలండ్‌లోని యూజెఫూఫ్‌లో సుమారు 1500 మంది యూదులను కాల్చి చంపింది. స్వస్తికను నలుగురిలో ప్రదర్శించడం ఇక్కడ నేరం, శిక్షాస్మృతి 86ఎ. చదువుకీ పరిశోధనకీ మినహాయింపు ఉంది, హాస్టల్ కిటికీకి లేదు.

నన్నడిగితే ముందు యుద్ధం తర్వాతి నక్షత్రం టోపీ ఒకటి కొను. చవక కాబట్టి దానికి నకలు చేసే ఓపిక ఎవరికీ ఉండదు, చేతికి అసలు వస్తువు అలవాటవుతుంది. సంతలోది వదలబుద్ధి కాకపోతే తోలు పట్టీ ఎత్తి, బిళ్ళ తిరగేసి ఫొటోలు తీసి పంపు. అమ్మేవాడు తీయనివ్వకపోతే ఫొటోలు అక్కర్లేదు.

మీ బాబాయి