కారు మరమ్మతు బిల్లు – కాంట్రాక్టు చట్టంలో ఒక పాఠం

తరగతిలో కాంట్రాక్టు చట్టం చెబుతూ 170వ సెక్షన్ దగ్గరకు రాగానే ఏటా ఒకే ఉదాహరణ చెబుతూ వచ్చాను. 1872 నాటి ఆ చట్టంలోనే ఉన్న ఉదాహరణ అది. ఒకడు సానబట్టని వజ్రాన్ని నగల పనివాడికి అప్పగించాడు. పని పూర్తయ్యాక, కూలి ముట్టేదాకా ఆ వజ్రాన్ని తన దగ్గరే అట్టేపెట్టుకునే హక్కు పనివాడికి ఉంది. విద్యార్థులు రాసుకునేవారు, నేను తర్వాతి సెక్షనుకు వెళ్లిపోయేవాణ్ణి. వజ్రాలు నా దగ్గరా లేవు, వాళ్ల దగ్గరా లేవు గనుక ఆ పాఠం ఎవరికీ ఒంటపట్టలేదు. పోయిన వేసవిలో నా పాత ఆల్టో కారు ఆ పాఠాన్ని నాకే తిరిగి చెప్పింది.

క్లచ్ జారుతోంది. ఇంజను గోల పెడుతుంది గానీ బండి కదలదు. మా పేటలోని ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. మేస్త్రి పెద్దవాడు, చేతి పనిలో పేరున్నవాడు. బండి ఒక చుట్టు తిప్పి వచ్చి, "క్లచ్ సెట్టు పోయింది సార్, సామాను, లేబరు కలిపి ఏడు వేలవుద్ది" అన్నాడు. సరేనన్నాను. వచ్చేస్తూ గుమ్మం దగ్గర ఆగి, నేనే ఒక మాట అన్నాను: "ఇంకేమైనా అవసరమైతే అది కూడా చూసెయ్యండి మేస్త్రీ." మర్యాదకు అన్న మాట. ఆ మాట ఖరీదెంతో మూడో రోజు సాయంత్రం తెలిసింది.

బిల్లు ఇలా ఉంది. క్లచ్ సెట్టు 4,600, లేబరు 2,400, ఇంజను మౌంటింగు 1,600, ముందు చక్రాల బేరింగులు రెండు 2,400, గేరు ఆయిలు 900, ఇతర ఖర్చులు 1,000. మొత్తం 12,900 రూపాయలు. దానిమీద 18 శాతం జీఎస్టీ 2,322. వెరసి 15,222. నెలాఖరు రోజులు. నా ఖాతాలో పదివేల పైచిలుకు మాత్రమే ఉంది.

"ఏడు వేలన్నారు గదా!" అన్నాను.

"మీరే గదా సార్ చూసెయ్యమన్నారు" అన్నాడు.

గొంతు పెరిగింది. నాది ముందు పెరిగిందని ఒప్పుకోవాలి. డబ్బు ముట్టాకే బండి అని తాళం సొరుగులో వేశాడు. "ఇది దౌర్జన్యం, పోలీసులకు చెబుతాను" అని ఆటోలో ఇంటికి వచ్చాను. దారి పొడుగునా ఒక్కటే ఆలోచన: నా బండిని నాకివ్వననడానికి అతనెవరు? ఇంటికొచ్చి పుస్తకం తీస్తే, అతనెవరో 170వ సెక్షన్ చెప్పింది. ఆ నగల పనివాడే అతను!

చట్టం ఏమంటుంది?

బండిని షెడ్డులో అప్పగించడం చట్టం భాషలో బెయిల్‌మెంటు. అప్పగించిన వస్తువు మీద శ్రమనో నైపుణ్యాన్నో వినియోగించి పని చేసినవాడికి, తగిన ప్రతిఫలం ముట్టేదాకా దాన్ని పట్టి ఉంచే హక్కు ఉంది. దీన్నే లీన్ అంటారు. కాబట్టి మేస్త్రి తాళం ఇవ్వకపోవడం దౌర్జన్యం కాదు. నా పోలీసు బెదిరింపే తప్పు.

అయితే ఆ హక్కుకు హద్దులున్నాయి. ఆ సెక్షనులో ఉన్నది "తగిన" ప్రతిఫలం, అడిగినంత ప్రతిఫలం కాదు. పైగా ఆ వస్తువు మీద చేసిన పనికే ఆ హక్కు. నిరుటి బాకీ కోసం ఈ ఏటి బండిని ఆపడానికి వీల్లేదు. పాత బాకీలన్నింటికీ కలిపి పట్టి ఉంచే సాధారణ లీన్ 171వ సెక్షన్ కింద బ్యాంకర్లు, ఫ్యాక్టర్లు, వార్ఫింజర్లు, హైకోర్టు అటార్నీలు, పాలసీ బ్రోకర్లకు మాత్రమే ఉంది. వేరే ఒప్పందం ఉంటే తప్ప మిగతావాళ్లకు లేదు. పరీక్షల్లో మన విద్యార్థులు ఏటా తారుమారు చేసేది ఇక్కడే. మరొకటి: వస్తువు చేజారితే లీన్ కూడా పోతుంది. అరువు ఇస్తానని ముందే ఒప్పుకుంటే అసలు పుట్టదు. కోటు కుట్టి, డబ్బుకు మూడు నెలల గడువిస్తానన్న దర్జీ ఆ కోటును ఆపలేడని చట్టంలోనే రెండో ఉదాహరణ ఉంది.

బండి ఆపినన్ని రోజులకు స్థలం అద్దె అడగవచ్చా? 1860లో ఇంగ్లాండు ప్రభువుల సభ ఒక ఓడ మరమ్మతు తగాదాలో కూడదని తీర్పు చెప్పింది. తన హక్కు కోసం తాను పట్టి ఉంచినవాడు ఆ ఖర్చును ఎదుటివాడి మీద వేయలేడని దాని సారాంశం.

ఇక చెప్పని పనుల మాట. 70వ సెక్షన్ ప్రకారం, ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు న్యాయంగా మరొకరి కోసం చేసిన పని వల్ల ఆ రెండోవాడు లాభం పొందితే, అతను పరిహారమైనా ఇవ్వాలి, వస్తువైనా తిరిగివ్వాలి. అంటే "నేను చెప్పలేదు" అన్నంత మాత్రాన తప్పించుకోలేం. పైగా నేను చెప్పాను కూడా!

మర్నాడు షెడ్డులో

పొద్దున్నే వెళ్లి ముందు నిన్నటి మాటకు క్షమించమన్నాను. మేస్త్రి కుర్రాణ్ణి పంపి టీ తెప్పించాడు. తర్వాత బిల్లు ముందు పెట్టుకుని ఒక్కో పద్దూ చూశాం.

క్లచ్, లేబరు కలిపి 7,000. అందులో పేచీ లేదు. గేరు ఆయిలు సంగతి అడిగాను. గేరుబాక్సు దించాలంటే ఆయిలు తీసెయ్యాల్సిందేనని, తిరిగి బిగించాక కొత్తది పొయ్యాలని చెప్పాడు. నిజమే, అది ఆ పనిలో భాగమే. ఒప్పుకున్నాను. ఇంజను మౌంటింగు మాటకొచ్చేసరికి, పాతది చూపించమన్నాను. కుర్రాడు పాత ఇనుము గుట్టలోంచి వెతికి తెచ్చాడు. రబ్బరు నిలువునా చీలిపోయి ఉంది. నిన్న సాయంత్రం నేను "దొంగ పద్దు" అన్నది దాన్నే. తల దించుకుని 1,600 ఒప్పుకున్నాను.

పాత బేరింగులు దొరకలేదు. మార్చాననేవాడి దగ్గర పాతవి లేవు, మార్చలేదనడానికి నా దగ్గర రుజువు లేదు. "ఇతర ఖర్చులు" అంటే ఏమిటని అడిగితే ఆయనే నవ్వి కొట్టేశాడు. జీఎస్టీ వేశారు గదా, రిజిస్ట్రేషను నంబరు ఏదీ అన్నాను. లేదు. రిజిస్ట్రేషను లేనివారు పన్ను పేరిట డబ్బు వసూలు చేయకూడదని 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టం 32వ సెక్షన్ చెబుతోంది. అది తెలియక వేశాడో తెలిసి వేశాడో నేను అడగలేదు. గీత కొట్టాడు.

మిగిలింది బేరింగులు. "చెరి సగం వేసుకుందాం మాస్టారూ" అన్నాడు. 1,200. మొత్తం 10,700 ఇచ్చి, రసీదు రాయించుకుని, తాళం తీసుకున్నాను. అంతకు ముందు సాయంత్రం అరిచినప్పుడు ఒక్క రూపాయి తగ్గలేదు. పద్దులవారీగా మాట్లాడితే 4,522 తగ్గింది.

కుదరకపోతే?

రాజీ కుదరకపోతే, రసీదు మీద "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి, డబ్బు కట్టి బండి తెచ్చుకోవడం మేలు. ఆ తర్వాత 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషనుకు వెళ్లవచ్చు. మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ప్రతిఫలం 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. వివాదం పుట్టిన రోజు నుంచి 2 సంవత్సరాల గడువు. అంతకు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి చూడవచ్చు. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం కూడా ఈ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతే.

విద్యార్థి మిత్రులకు

మీలో చాలామందికి కారు లేకపోవచ్చు. మోటారు సైకిలుంది, సెల్‌ఫోనుంది, రేపు ఫ్రిజ్ ఉంటుంది. ఏది బాగుచేయించినా ఈ నాలుగూ గుర్తుంచుకోండి.

ఒకటి, అంచనా కాగితం మీద రాయించుకోండి. కనీసం ఫోనులో సందేశమైనా పంపించమనండి.

రెండు, "అవసరమైతే చూసెయ్యండి" అనకండి. "ఇంకేదైనా కనబడితే నాకు ఫోను చేసి అడిగాకే చెయ్యండి" అనండి.

మూడు, తీసేసిన పాత సామాను నాకివ్వాలని బండి ఇచ్చేటప్పుడే చెప్పండి. నా తగాదాలో సగం ఆ చీలిన రబ్బరు ముక్క తీర్చింది. మిగతా సగం తీరకపోవడానికి కారణం పాత బేరింగులు లేకపోవడమే.

నాలుగు, బిల్లు మొత్తం మీద పోట్లాడకండి, పద్దు మీద మాట్లాడండి. మనది తప్పయిన పద్దు ఒకటైనా తప్పక ఉంటుంది. దాన్ని ముందు ఒప్పుకుంటే మిగతావి ఎదుటివాడు ఒప్పుకుంటాడు.

ఇప్పటికీ బండి ఆ షెడ్డుకే తీసుకెళుతున్నాను. మొన్న బ్రేకుల పనికి వెళితే, మేస్త్రి అడగకముందే చిన్న పుస్తకంలోంచి కాగితం చింపి అంచనా రాసిచ్చాడు. పక్కనున్న కుర్రాడు పాత బ్రేకు షూలను గుడ్డలో చుట్టి సీటు కింద పెట్టాడు. ఈ ఏడు తరగతిలో 170వ సెక్షన్ చెప్పేటప్పుడు వజ్రం మాట ఎత్తలేదు. ఆ చీలిన మౌంటింగు రబ్బరును బల్ల మీద పెట్టి పాఠం మొదలెట్టాను.