లెక్క సరిపోయింది, పాప రాలేదు



ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకు కౌంటరులో కూర్చొని నోట్లు లెక్కపెట్టినవాణ్ణి. పిల్లలను లెక్కపెట్టడం అంతకంటే కష్టమని రిటైరయ్యాకే తెలిసింది. కామర్స్ చదువుతున్నవారికి ఇది పాఠంగా కూడా పనికొస్తుందని రాస్తున్నాను.

2022 డిసెంబరు చివరి వారంలో మన కామాటిపుర గల్లీల పిల్లలు 24 మందిని మూడు రోజుల యాత్రకు జున్నర్ తాలూకాకు తీసుకువెళ్ళాం. రెండో తరగతి నుంచి అయిదో తరగతి వరకు చదివే పిల్లలు. పెద్దలం నలుగురం: నేను, ఒక రిటైర్డు టీచరమ్మ, మన స్కాలర్‌షిప్‌తో కాలేజీలో చదువుతున్న ఇద్దరు. కరోనా వల్ల రెండేళ్ళు ఖోలీ దాటని పిల్లలు వీళ్ళు. కల్యాణ్, మురబాడ్ దాటి మాల్షేజ్ ఘాట్ ఎక్కేసరికి ఏడుగురు వాంతి చేసుకున్నారు. (తెల్లవారుజామున ప్రేమతో పూరీలు పెట్టి పంపిన తల్లులు ఈసారికి గుర్తుంచుకోవాలి. రెండు బిస్కెట్లు చాలు.) ఘాట్ దాటాక ఉల్లి చేలు చూసి ఒక అబ్బాయి, "తాతా, ఇంత పెద్ద గ్రౌండుల ఎవ్వరు ఆడుతలేరేంది?" అన్నాడు.

మొదటిరోజు మధ్యాహ్నం లేణ్యాద్రి వెళ్ళాం. కొండను తొలిచిన బౌద్ధ గుహలు ముప్పై దాకా ఉన్నాయి. అందులో ఏడవ గుహలో అష్టవినాయకులలో ఒకరైన గిరిజాత్మజ గణపతి వెలసి ఉన్నాడు. మెట్లు మూడు వందల దరిదాపు. దర్శనమై కిందికి దిగాక పిల్లలను గోడవారగా నిలబెట్టి, ఒక్కొక్కరి తల మీద చెయ్యివేసి లెక్కపెట్టాను. 24. బస్సు కదిలింది.

అయిదు కిలోమీటర్లు పోయి జున్నర్‌లో ధర్మశాల ముందు దిగుతుంటే నాలుగో తరగతి పాప నా చొక్కా పట్టుకొని, "తాతా, నా పక్కన కూసున్న పిల్ల వాపసు రాలే" అంది. పేర్లు పిలిచాం. 23. రెండో తరగతి పాప ఒకతి లేదు.

ఆ బస్సు వెనక్కి తిరిగి పోయిన పది నిమిషాలు నేను ఏ దేవుణ్ణీ తలచుకోలేదు. ఆ పాప నాన్న ముఖమే కనిపించింది. బిల్డింగు పనికి పోతూ గల్లీ మూలదాకా వచ్చి, "మీరున్నరని పంపుతున్న" అని బిడ్డ చెయ్యి నా చేతిలో పెట్టి వెళ్ళినవాడు.

మెట్ల దగ్గర పూలమ్మే మావశి పక్కన పాప కూర్చొని ఉంది. ఒడిలో చెప్పుల జత. పైన గుడి ముందు తొందరలో వేరేవాళ్ళ చెప్పులు వేసుకొని దిగిందట. అవి ఇచ్చేసి తనవి తెచ్చుకుందామని ఎవరికీ చెప్పకుండా మళ్ళీ ఎక్కింది. ఏడవలేదు. "మీరు లెక్కవెడుతరు గద తాతా, ఒకరు తక్కువైతే వస్తరని కూసున్న" అంది.

ఆ పాపకు నేను జవాబు చెప్పలేకపోయాను. నా లెక్కలో ఒకరు తక్కువ కాలేదు కదా!

ఎలా జరిగిందో రాత్రి తేలింది. వరుసలో మొదట నిలబడ్డ ఒక పిల్లవాడు, నేను నడుమకు వచ్చేసరికి వెనకనుంచి పరుగెత్తి చివర నిలబడ్డాడు. వాడికి అది ఆట. వాడిని రెండుసార్లు లెక్కించాను, పాపను అసలే లెక్కించలేదు. కామర్స్ విద్యార్థులకు ఇప్పుడు వెలిగి ఉండాలి. దీనినే కాంపెన్సేటింగ్ ఎర్రర్ అంటాం. ఒకచోట ఎక్కువ, ఒకచోట అంతే తక్కువ. ట్రయల్ బ్యాలెన్స్, అంటే మన అంకణా, చక్కగా సరిపోతుంది. మొత్తం సరిపోయినంత మాత్రాన పద్దులు సరైనవని కాదని బీకాం మొదటి ఏడులోనే చదివాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

ఆ రాత్రే పద్ధతి మార్చాం. ప్రతి పిల్లకూ ఒక నంబరు, ఒక జోడీ. తలలు లెక్కపెట్టడం మానేశాం. పిల్లలే తమ నంబరు, పక్కవారి పేరు చెప్పాలి. నేను పిలిస్తే టీచరమ్మ కాగితం మీద టిక్కు పెట్టాలి. బ్యాంకులో వోచరు రాసినవాడే పాస్ చేయకూడదన్న నియమం ఎందుకుందో ఇంట్లోవాళ్ళకు ఎన్నోసార్లు చెప్పాను, నేనే పాటించలేదు. మెడలో వేసే చీటీ మీద ఫోను నంబరు మరాఠీలో కూడా రాశాం, మావశికి తెలుగు చదవరాదు కదా.

ఇంటికి చెప్పాలా వద్దా అని చర్చ వచ్చింది. "దొరికింది గద, ఎందుకు భయపెట్టుడు?" అన్నారు ఒకరు. క్యాషులో తక్కువ పడ్డది సాయంత్రానికల్లా దొరికినా రిజిస్టరులో రాయాల్సిందే. ఫోను చేశాను. తల్లి ఎత్తింది. అంతా విని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అన్నం తిన్నదా?" అని అడిగింది. తిన్నదన్నాను.

మరునాడు నాణేఘాట్ వెళ్ళాం. కొంకణ తీరాన సోపారా, కల్యాణ్ రేవులనుంచి జున్నర్ మీదుగా పైఠణ్‌కు సరుకు ఎక్కిన పాత కనుమ. కనుమ తలమీద ఒక పెద్ద రాతి తొట్టి ఉంది. సుంకం నాణేలు అందులో వేసేవారని అక్కడివారు చెబుతారు. మరాఠీ 'నాణే', మన 'నాణెం' ఒకటేనని పిల్లలే పట్టుకున్నారు. కొంచెం కింద గుహలో శాతవాహన రాణి నాగనిక శాసనం. సుమారు 2,000 ఏళ్ళ కిందటిది. బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. చేసిన యాగాలు, ఒక్కో యాగానికి దక్షిణగా ఇచ్చిన ఆవులు, గుర్రాలు, కార్షాపణాలు దేనికది విడిగా, అంకెలతో చెక్కారు. అంకెల చరిత్ర రాసేవారు ఈ శాసనాన్ని వదలరు. అక్షరాలు అరిగిపోయాయి, అయినా పద్దు పద్దుగానే ఉంది. అదే వంశపు నాణేలు మన తాతల నాటి కరీంనగర్ జిల్లా కోటిలింగాలలోనూ దొరికాయని చెబితే, "మా అవ్వోళ్ళ ఊరు ఆడనే" అని ఇద్దరు చేతులెత్తారు.

మూడోరోజు తిరుగుదారిలో ఖోడద్ దగ్గర రేడియో టెలిస్కోపు డిష్‌లను దూరంనుంచి చూపించాం. ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పు, మొత్తం 30. ఎన్ని కనిపిస్తున్నాయో లెక్కపెట్టమంటే, మొదటిరోజు ఆటాడిన ఆ పిల్లవాడే, "తాతా, నంబర్లు ఇయ్యనిదే లెక్క తప్పుతది" అన్నాడు.

గల్లీకి చేరేసరికి రాత్రి పది. పాప నాన్న ముందే వచ్చి నిలబడి ఉన్నాడు. నన్ను ఏమీ అనలేదు, బిడ్డను ఎత్తుకొని వెళ్ళిపోయాడు. ఇక పంపరనే అనుకున్నాను. మరుసటి ఏడు పేర్లు రాసుకునే రోజు తల్లి వచ్చి, పాప పేరు, తమ్ముడి పేరు రెండూ ఇచ్చింది. సంతకం పెట్టేముందు ఒక్కటే అడిగింది: "కాగితం మీద టిక్కు పెట్టేది ఎవరు?"