దాల్చినచెక్క పొడి: ప్రక్కన పెట్టి పోల్చు పరీక్ష

మధుమేహమునకు మంచిదని విని దాల్చినచెక్క పొడిని ప్రతిదినము సేవించు కుటుంబములు నేడు అనేకము. అంగడిలో ఆ పేరుతో లభించునవి రెండు. ఆయుర్వేద ఫార్మకోపియా ‘త్వక్’ అని పేర్కొన్నది సింహళపు చెక్క. రెండవది కాసియా. కాసియాలో కూమరిన్ అను పదార్థము అధికము. సింహళపు చెక్కలో అది లేశమాత్రము. కూమరిన్ మితిమీరినచో కొందరిలో కాలేయమునకు హాని కలుగును. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2004లో నిర్ణయించిన హద్దు ప్రకారము 60 కిలోల మనిషికి రోజుకు 6 మి.గ్రా. మించరాదు. జర్మనీలో పరీక్షించిన కాసియా పొడులలో సగటున గ్రాముకు సుమారు 3 మి.గ్రా. కనబడినది. అనగా రెండు గ్రాములకే హద్దు చేరుదుము!

చెక్కగా ఉన్నపుడు కన్నులే చాలును. సింహళపు చెక్క కాగితమువలె పలుచని పొరలుగా చుట్టుకొని, చేతితో సులభముగా విరుగును. కాసియా ఒకే పొరగా, మందముగా, గట్టిగా ఉండును. పొడి చేసిన పిదప ఈ గుర్తులు మిగులవు. అపుడు ప్రయోగశాలయే శరణ్యము.

అచట సిలికా పూత గల పలకపై అడుగున పొడి సారమును ఒక చుక్క, దాని ప్రక్కనే శుద్ధమైన కూమరిన్ ద్రావణమును ఒక చుక్క పెట్టి, పలక అంచును ద్రావకములో నిలుపుదురు. ద్రావకము పైకి ప్రాకుచు ఒక్కొక్క పదార్థమును ఒక్కొక్క ఎత్తునకు కొనిపోవును. సారములోని ఒక మచ్చ కూమరిన్ మచ్చతో సమానమైన ఎత్తున నిలిచి, పొటాష్ ద్రావణము చల్లి అతినీలలోహిత కాంతిలో చూచినపుడు అదే రంగున మెరిసినచో అది కూమరిన్ కావచ్చును.

ఎత్తు అంకెను గ్రంథములో చూచుకొనిన చాలదా? చాలదు. గాలిలోని తేమ, గది వేడిమి, ద్రావకపు పాళ్లు మారిన ఆ అంకెయు మారును. తెలిసిన నమూనా అదే పలకపై, అదే వేళ నడువవలెను. అంతటితోను తృప్తి పడరాదు. వేర్వేరు పదార్థములు ఒకే ఎత్తున నిలుచుట కలదు. కావున రెండింటిని కలిపి మూడవ చుక్కగా పెట్టుదురు. అది రెండుగా చీలినచో పదార్థములు వేరు. చీలకున్నచో ద్రావకము మార్చి మరల చూతురు.

నమూనాగా దేనిని ఎంచితిరన్నది ముఖ్యము. దాల్చిన సువాసనకు మూలమైన సిన్నమాల్డిహైడ్ రెండు చెక్కలలోను కలదు. దానితో మాత్రమే పోల్చి ‘సరిపోయినది’ అని వ్రాసిన పత్రము ఏ చెక్కయో చెప్పజాలదు. పత్రము చూపినచో కూమరిన్ మాటను అడుగుడు.

నిత్యము వాడదలచినవారు పొడి కొనక, పొరల చెక్కను తెచ్చి ఇంట దంచుకొనవలెను. మేలైన ముక్క నొకటి సీసాలో దాచినచో క్రొత్తగా తెచ్చినదానిని దానితో పోల్చుకొనవచ్చును. కాలేయవ్యాధి గలవారు వైద్యుని అడుగక వాడరాదు. మధుమేహపు మందులను దీనిని నమ్మి మానరాదు.